2022 కాలేజ్ కప్ ఫైనల్: 79 నిమిషాలకి 0-2లో ఉన్న యూసీఎల్‌ఏ 3-2తో ఎలా గెలిచింది?

రెండోబంతి:

2022 డిసెంబర్ 5న నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీలో జరిగిన అమెరికా కాలేజీ మహిళల ఫుట్‌బాల్ (సాకర్) ఫైనల్ గురించి వ్యూహం తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) 3, నార్త్ కరోలినా యూనివర్సిటీ 2. గోల్స్ పడ్డ వరుస ఇది: 59, 75 నిమిషాల్లో ఏవరీ ప్యాటర్సన్ (నార్త్ కరోలినా), 80లో లెక్సీ రైట్, 90లో రైలిన్ టర్నర్, 107లో మారికార్మెన్ రేయెస్ (ముగ్గురూ యూసీఎల్‌ఏ).

ఐరోపా లీగులు చూడ్డం అలవాటైన కంటికి నాలుగు చోట్ల అర్థం కాలేదు.

ఒకటి, తెరమీద గడియారం 45 నుంచి వెనక్కి నడుస్తోంది. టర్నర్ గోల్ "ఇంకా 16 సెకన్లు ఉండగా" అంటున్నారు. ఆగిన టైంకి బదులు రెఫరీ చివర్లో కలిపే నిమిషాలు అనేవే లేవా? రెండు, ఇంకో పావుగంట ఆట ఉండగా 2-0లో ఉన్న జట్టు, అదీ కోచ్ ఆన్సన్ డోరెన్స్ జట్టు, తలుపులు వేసుకుని ఆధిక్యాన్ని ఎందుకు కాపాడుకోలేకపోయింది? మూడు, ఆఖరి నిమిషంలో కార్నర్ అంటే అందరికీ తెలిసిన ప్రమాదమే కదా, అయినా హెడర్ ఎలా దొరుకుతుంది? నాలుగు, 107లో గోల్ పడింది, ఆట ఆగలేదు. కాలేజీ ఆటలో గోల్డెన్ గోల్ ఉంటుందని విన్నానే!

"పోరాట పటిమ", "నమ్మకం" లాంటి మాటలు వద్దు, అవి వార్తల్లో చదివేశా. మైదానంలో ఏం మారిందో చెప్పండి చాలు.

---

గడియారంమేస్త్రి:

మొదటి, నాలుగో ప్రశ్నలు నావి. ఇవి తేలకుండా రెండోదానికి జవాబు దొరకదు.

కాలేజీ ఆటలో టైం స్కోర్‌బోర్డుది, రెఫరీ జేబులోది కాదు. 45:00 నుంచి 0:00కి దిగుతుంది. సున్నా కొట్టిందా, ఆట అయిపోయినట్టే. బంతి గాల్లో ఉన్నా సరే, హారన్ మోగేలోపు మొత్తం బంతి గోల్ గీత దాటకపోతే లెక్కలోకి రాదు. దానికి బదులుగా గడియారాన్ని మధ్యలో ఆపుతారు: గోల్ పడితే, పెనాల్టీ ఇస్తే, ఎల్లో గానీ రెడ్ గానీ కార్డు చూపిస్తే, దెబ్బ తగిలి రెఫరీ సైగ చేస్తే. కావాలని సాగదీస్తున్నారని అనిపించినా ఆపే అధికారం రెఫరీకి ఉంది. అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి. 2022 నాటి రూల్ ప్రకారం, రెండో సగం ఆఖరి 5 నిమిషాల్లో ముందంజలో ఉన్న జట్టు ఆటగాళ్లను మారిస్తే గడియారం ఆగేది.

ఇప్పుడు ఆలోచించండి. మీరు చూసే లీగుల్లో 88వ నిమిషంలో ఒకమ్మాయి నింపాదిగా నడుచుకుంటూ బయటికి పోతే నలభై సెకన్లు కరుగుతాయి. రెఫరీ తర్వాత ఎంత కలుపుతాడో ఎవరికీ ఖచ్చితంగా తెలీదు. ఇక్కడ ఆ దారి మూసేశారు. 2-1లో ఉన్న నార్త్ కరోలినాకి టైం తినడానికి మిగిలినవి త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ జెండా దగ్గర బంతిని దాచుకోవడం. వాటికి గడియారం ఆగదు. కానీ కార్నర్ జెండా దగ్గర దాచుకోవాలంటే బంతి అవతలి సగంలో ఉండాలి. అది వాళ్ల చేతిలో ఉందా లేదా అన్నదే అసలు మ్యాచ్.

వెనకబడ్డ జట్టుకి ఇంకో వెసులుబాటు ఉంది. ఎన్ని సెకన్లున్నాయో కళ్లెదుట కనిపిస్తుంది. 0:40 ఉంటే కార్నర్‌కి అందర్నీ పంపొచ్చు. 0:08 ఉంటే షార్ట్ కార్నర్ (పక్కనున్నామెకి చిన్న పాస్) ఆడడం దండగ, నేరుగా గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్‌లోకి వెయ్యాలి. ఇది ఊహ కాదు, లెక్క.

నిమిషాల లెక్క కూడా జాగ్రత్త. 80వ నిమిషం గోల్ అంటే 79 నిండాక పడ్డది, గడియారం మీద పది, పదకొండు నిమిషాల మధ్య చూపిస్తుంది. 16 సెకన్లు ఉండగా అంటే 89:44. అందుకే కాగితం మీద 90 అని రాస్తారు. వీడియోలో వెతికేటప్పుడు ఇది తెలీక చాలామంది ఒక నిమిషం అటూఇటూ తడుముకుంటారు.

గోల్డెన్ గోల్ మీరు విన్నది తప్పు కాదు, పాతది. 2021 సీజన్ దాకా ఎక్స్‌ట్రా టైంలో మొదటి గోల్‌తోనే ఆట ముగిసేది. 2022 నుంచి మామూలు సీజన్‌లో ఎక్స్‌ట్రా టైం తీసేశారు. నాకౌట్లలో 10 నిమిషాల చొప్పున రెండు భాగాలు పూర్తిగా ఆడాలి, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. రేయెస్ గోల్ రెండో భాగంలో ఏడో నిమిషంలో పడింది, అంటే మూడు నిమిషాల పైచిలుకు మిగిలే ఉంది. అంతకుముందు ఏడాది రూలే అయితే అక్కడికక్కడే కప్పు ఎత్తేవాళ్లు. ఈ ఏడాది అదే మూడు నిమిషాలు తామూ కాపాడుకోవాల్సి వచ్చింది.

---

స్టాపర్4:

రెండో ప్రశ్నకి వస్తా. కాస్త పొడుగవుతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "తలుపులు వేసుకోవడం" అందరికీ వచ్చిన విద్య కాదు. నార్త్ కరోలినాకి డోరెన్స్ 1979 నుంచి నేర్పిందంతా దానికి తిరగబడ్డ ఆట. బంతి పోయిన చోటే పైన పడి లాక్కోవడం (దీన్నే ప్రెస్ అంటారు), ఫార్వర్డ్‌లని జట్లుజట్లుగా మారుస్తూ కొత్త కాళ్లతో ప్రెస్ చెయ్యడం, త్వరగా ముందుకి కొట్టడం. ఒకప్పుడు ముగ్గురు డిఫెండర్లతో 3-4-3 ఆడించినవాడాయన. ఆ ధోరణిలో రక్షణ గోల్ ముందు మొదలవదు, అవతలి సెంటర్‌బ్యాక్ (రక్షణ మధ్యలో ఆడే డిఫెండర్) కాళ్ల దగ్గర మొదలవుతుంది. ప్రెస్ సాగినంతసేపు వెనకాల డిఫెండర్ల వరుస ముందుకి జరిగి ఉంటుంది, జట్టు మొత్తం 35 మీటర్ల లోపు ఇమిడిపోతుంది. ముందు ఇద్దరి కాళ్లు బరువెక్కాయనుకోండి, ఏ ఫార్మేషన్ రాసుకున్నా లాభం లేదు.

రక్షణ కూలే వరుస దాదాపు ఎప్పుడూ ఇదే:

ఫార్వర్డ్ అర సెకను ఆలస్యంగా చేరుతుంది. అవతలి సెంటర్‌బ్యాక్‌కి తల ఎత్తి చూసే తీరిక దొరుకుతుంది. పొడుగు పాస్ వెనకాల పడుతుందని భయపడి డిఫెండర్లు ఐదారు మీటర్లు వెనక్కి జారతారు, మిడ్‌ఫీల్డ్ మాత్రం జారదు. మధ్యలో ఖాళీ. అక్కడ బంతి అందుకున్న అమ్మాయి తిరిగి గోల్ వైపు చూస్తుంది. దాంతో మిడ్‌ఫీల్డ్ కూడా వెనక్కి వస్తుంది. ఇప్పుడు ముందు ఒంటరిగా మిగిలిన ఫార్వర్డ్‌కీ జట్టుకీ మధ్య 30 మీటర్లు. బాక్స్ లోంచి తన్నిన ప్రతి బంతీ పది సెకన్లలో తిరిగొస్తుంది.

ఆ తిరిగొచ్చే బంతే జట్టుని చంపేది. క్లియరెన్స్ చూసి జనం చప్పట్లు కొడతారు గానీ, ఎవరికి చేరిందో చూడకపోతే మ్యాచ్ చూడనట్టే.

వెనకబడ్డ జట్టు చేసేది కూడా పెద్ద రహస్యమేం కాదు. ఫుల్‌బ్యాక్‌లు (పక్కల ఆడే డిఫెండర్లు) ఇద్దరూ సైడ్ లైన్ పట్టుకుని వింగర్ల (పక్కల నుంచి దాడిచేసేవాళ్ల) ఎత్తుకి వెళ్తారు, వింగర్లు లోపలికి వస్తారు, అవతలి డిఫెండర్ల వరుస మీద నలుగురో ఐదుగురో. వెనకాల ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, వాళ్ల ముందు ఒక మిడ్‌ఫీల్డర్. ఈ మూడో అమ్మాయే కీలకం. తిరిగొచ్చే క్లియరెన్స్‌ని మొదటి టచ్‌తో అటు పక్కకి మార్చగలిగితే అవతలివాళ్లు ఎప్పటికీ ఊపిరి తీసుకోలేరు. ఆమె తడబడితే అదే కౌంటర్ (ఎదురుదాడి), 3-0.

మార్గరీట్ అవొజాసా అప్పుడు యూసీఎల్‌ఏకి మొదటి ఏడాది హెడ్ కోచ్. అంతకుముందు స్టాన్‌ఫోర్డ్‌లో అసిస్టెంట్. స్టాన్‌ఫోర్డ్ 2017, 2019 కప్పులు గెలిచినప్పుడు ఆ బెంచీ మీదే ఉంది. స్టాన్‌ఫోర్డ్ పేరున్నదే బంతిని ఓపిగ్గా అటూఇటూ తిప్పి ఆడడానికి. 0-2లో పడ్డాక అలాంటి జట్టుకి ఉన్న లాభం ఏమిటంటే కొత్త ఆట నేర్చుకోనక్కర్లేదు. అదే ఆట పది మీటర్లు ముందుకి జరిపితే చాలు. నార్త్ కరోలినాకి మాత్రం అలవాటు లేని పని పడింది: బంతి లేకుండా, లోతుగా, కదలకుండా నిలబడడం.

రెండో గోల్ 75లో, యూసీఎల్‌ఏ మొదటి గోల్ 80లో. ఈ ఐదు నిమిషాలే నా దృష్టిలో మ్యాచ్ మలుపు, 16 సెకన్లు కాదు. 2-0 ఇంకో ఐదు నిమిషాలు నిలిచుంటే అవతలివాళ్లు గత్యంతరం లేక లాంగ్ బాల్స్‌కి దిగేవాళ్లు, అవి డిఫెండర్లకి పండగ. పది నిమిషాలు ఉండగా 2-1 అయ్యేసరికి కంగారు లేకుండా మైదానం పక్కల మీదుగా ఆడే వీలు దొరికింది.

ఇంకోటి. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఈ రెండు జట్లూ ఒకసారి తలపడ్డాయి, యూసీఎల్‌ఏ 2-1తో గెలిచింది. కాబట్టి ఈ ప్రెస్ వాళ్లకి కొత్త కాదు.

---

గుడివీధి_కేరీ:

వ్యూహం నాకు రాదు గానీ చిన్న మాట: కేరీ అంటే మనవాళ్లకి వెంకటేశ్వరస్వామి గుడే గుర్తొస్తుంది, కాలేజీ సాకర్ వాళ్లకి ఈ ఫైనల్ జరిగిన వేక్‌మెడ్ సాకర్ పార్క్. నార్త్ కరోలినా యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్ అక్కడికి కారులో సుమారు అరగంటే. పేరుకి తటస్థ మైదానం, కూర్చున్నవాళ్లలో నార్త్ కరోలినా వాళ్ల లేతనీలం రంగే ఎక్కువ. యూసీఎల్‌ఏ వాళ్లు దేశం ఆ చివర నుంచి వచ్చి ఆడారు, అది కూడా లెక్కలో వేసుకోండి.

---

మూడోపోస్ట్:

కార్నర్ సంగతి నేను చెప్తా.

కార్నర్ ఇచ్చినప్పుడు గడియారం ఆగదు. బంతి తెచ్చి, మూలనున్న పావు వృత్తం గీతలో పెట్టి, బాక్స్‌లో సర్దుకుని తన్నేసరికి మామూలుగా 20 నుంచి 25 సెకన్లు పోతాయి. బంతి గాల్లో ఒకటిన్నర సెకను. గోల్ 0:16 దగ్గర పడిందంటే, ఆ కార్నర్ సంపాదించుకున్న క్షణంలో అర నిమిషం పైనే ఉండుండాలి. అంటే నిజంగా చూడాల్సింది కార్నర్‌కి ముందు జరిగిన ఆట: అది ఎలా వచ్చింది, అంతకుముందు బంతిని అవతలి సగంలోకి పంపే అవకాశం నార్త్ కరోలినాకి ఎన్నిసార్లు వచ్చింది.

కాపాడుకునే జట్టుకి ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పదకొండు మందీ బాక్స్‌లోకి వచ్చేస్తే అవతలి జట్టు కూడా భయం లేకుండా అందర్నీ పంపుతుంది. ఒకమ్మాయిని సెంటర్ లైన్ దగ్గర వదిలేస్తే అవతల ఇద్దరు ఆమె దగ్గరే ఆగాలి. ఒకరిని ఇచ్చి ఇద్దరిని కొనుక్కున్నట్టు. కాగితం మీద రెండోదే మేలు. కానీ 30 సెకన్లు ఉన్నప్పుడు అవతలివాళ్లు కౌంటర్ గురించి పట్టించుకోరు. ఓడితే 2-1 అయినా 3-1 అయినా ఒకటే. అప్పుడు సెంటర్ లైన్ దగ్గరున్న అమ్మాయి వృథా. కాబట్టి ఆఖరి నిమిషంలో అందర్నీ వెనక్కి పిలవడం పిరికితనం కాదు, సరైన లెక్కే.

మరి హెడర్ ఎలా దొరుకుతుంది అంటారా? నిలబడి ఎగిరేవాళ్లకీ పరిగెత్తుకొచ్చి ఎగిరేవాళ్లకీ తేడా వల్ల. జోన్ పద్ధతిలో డిఫెండర్లు ఆరు గజాల గీత మీద వరుసగా నిలబడతారు. బంతి వాళ్ల మీదికి వస్తే వాళ్లదే. ఇద్దరి మధ్య పడితే, పెనాల్టీ స్పాట్ దగ్గర్నుంచి నాలుగడుగులు ఉరుకుతూ వచ్చిన అమ్మాయి ఒక చెయ్యెత్తు పైన ఉంటుంది. మనిషికి మనిషి పద్ధతిలో ప్రమాదం వేరు. దాడిచేసే ఇద్దరు ఒకరినొకరు దాటుకుంటూ పోతే వెంటపడే డిఫెండర్లు ఢీకొని ఒకరు మిగిలిపోతారు. చాలా జట్లు రెంటినీ కలుపుతాయి: దగ్గర పోస్టు దగ్గర ఒకరు, గీత మీద ముగ్గురు జోన్‌లో, అవతలి మంచి హెడర్ల మీద ముగ్గురు అతుక్కుని, బాక్స్ అంచున ఒకరు.

అలసట మొదట దెబ్బతీసేది ఎగరడాన్ని కాదు, మొదటి అడుగుని. పరుగు మొదలైన అమ్మాయి వెంట మార్కర్ ఒక అడుగు ఆలస్యంగా కదిలితే ఆ తర్వాత ఎంత ఎగిరినా ప్రయోజనం లేదు. 89 నిమిషాలు ప్రెస్ చేసిన కాళ్లకి ఆ అడుగు ఆలస్యమవడంలో వింతేముంది! పైగా సెమీఫైనల్స్ శుక్రవారం, ఫైనల్ సోమవారం. యూసీఎల్‌ఏ అలబామాని 3-0తో సాఫీగా దాటింది. నార్త్ కరోలినా ఫ్లోరిడా స్టేట్ మీద 3-2తో గట్టెక్కింది. మధ్యలో రెండే రోజుల విశ్రాంతి.

దాడిచేసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఆఖరి కార్నర్‌కి కొత్త ట్రిక్కులు వాడకూడదు. గోల్‌కీపర్ ముందు ఒకరు నిలబడి ఆమె కదలికని ఆలస్యం చెయ్యాలి. చేతులు వెయ్యకూడదు, వేస్తే ఫౌల్, ఆట అక్కడే ముగిసినట్టు. ఒకరు దగ్గర పోస్టుకి, ముగ్గురు మధ్యలోకి వేర్వేరు క్షణాల్లో పరుగు. బాక్స్ అంచున ఇద్దరు. తన్నే అమ్మాయికి ఒకటే ఆదేశం: మొదటి డిఫెండర్ తల దాటాలి. ఆఖరి కార్నర్లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే, కంగారుతో తక్కువ ఎత్తులో తన్నేయడం.

---

రెండోబంతి:

చాలా ఉపయోగపడింది, థ్యాంక్స్ అండి. ఇంకో సందేహం. రెండో సగంలో ఒకే అమ్మాయి బయటికెళ్లి మళ్లీ లోపలికి రావడం కనిపించింది. అది ఎలా కుదురుతుంది? స్టాపర్4 గారు చెప్పిన "కొత్త కాళ్లు" దీనివల్లేనా?

---

గడియారంమేస్త్రి:

అవును. ఐదు మార్పుల పరిమితి ఇక్కడ లేదు. మొదటి సగంలో బయటికెళ్తే ఆ సగంలో మళ్లీ రాకూడదు. రెండో సగంలో ఒక్కసారి తిరిగి రావచ్చు.

ఈ "ఒక్కసారి" దగ్గరే కోచ్‌ల తెలివి బయటపడేది. మంచి ఫార్వర్డ్‌ని 55లో తీసి 65లో దించితే ఆమె తిరిగొచ్చే చీటీ అయిపోయినట్టే. 80లో మళ్లీ అలసిపోతే రెండే దారులు: అలాగే ఉంచడం, లేదా ఆ సగానికి వదులుకోవడం. అదే 60లో తీసి 75 దాకా ఆపితే ఆఖరి పావుగంటకి తాజాగా ఉంటుంది, కానీ ఆ పదిహేను నిమిషాలు రెండో వరుస ఫార్వర్డ్‌లు ప్రెస్‌ని మోయాలి. మ్యాచ్ చూసేటప్పుడు ఎవరు ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు అన్నది పక్కన రాసుకుంటే సగం రహస్యాలు అక్కడే తేలిపోతాయి.

---

ఎడమగీత:

స్టాపర్4 గారి మాటల్లో ఒక్కదానికి అడ్డొస్తా. ఫలితం చూసి కారణాలు అల్లడం తేలిక. 16 సెకన్లు గడిచిపోయి ఉంటే ఇదే చోట "డోరెన్స్ అనుభవం, అలవాటైన గెలుపు" అని రాసుకునేవాళ్లం. అంతకుముందు 2019, 2020, 2021 ఫైనల్స్ మూడూ పెనాల్టీల దాకా వెళ్లాయి. రెండు మంచి కాలేజీ జట్ల మధ్య తేడా అంత సన్నగా ఉంటుంది. 2020 సీజన్ ఫైనల్లోనూ (కరోనా వల్ల 2021 మేలో ఆడారు) ఫ్లోరిడా స్టేట్ ఆలస్యంగా ఆధిక్యం పోగొట్టుకుని శాంటా క్లారాకి పెనాల్టీల్లో ఓడింది. ప్రెస్ జట్టు కాబట్టి కూలింది అనేస్తే సరిపోదు.

---

స్టాపర్4:

ఒప్పుకుంటా, "చేతకాలేదు" అని నేను అనలేదు గానీ మాట అటే పోయినట్టుంది. ప్రెస్ జట్టు ఆధిక్యం కాపాడుకోలేదని కాదు. ప్రెస్ ఆగిపోయిన క్షణాన్ని గుర్తించి వేరే పని మొదలుపెట్టాలి, అది ఆలస్యమైతే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. అది జరిగిందా లేదా అన్నది వాదించుకుని తేల్చేది కాదు, వీడియో పెట్టుకుని లెక్కపెట్టేది.

రెండోబంతి గారూ, మీ దగ్గర పూర్తి మ్యాచ్ వీడియో ఉంటే ఇలా చేసి చూడండి. ఒక కాగితం తీసుకుని 55వ నిమిషం నుంచి 90 దాకా ఐదేసి నిమిషాల గళ్లు, మొత్తం ఏడు. ప్రతి గడిలో మూడే అంకెలు. నార్త్ కరోలినా బాక్స్ దగ్గర్నుంచి బయటికి తన్నిన బంతులు ఎన్ని, వాటిలో తమ మనిషికే చేరినవి ఎన్ని, యూసీఎల్‌ఏ సెంటర్‌బ్యాక్ బంతి అందుకున్నాక మూడు సెకన్లలోపు ఎవరైనా మీదికి వచ్చిన సందర్భాలు ఎన్ని. పాస్‌ల శాతాలు, బంతి ఎవరి దగ్గర ఎంతసేపు ఉంది అనేవి వదిలెయ్యండి. ఆధిక్యంలో ఉన్న జట్టుకి అవి ఎలాగూ పడిపోతాయి, అర్థం లేనివి.

మూడో అంకె 70 తర్వాత పడిపోయి, రెండోది కూడా పడిపోతే నా మాట నిజం. మూడోది పడిపోయినా రెండోది నిలిచి ఉంటే ఎడమగీత గారిది నిజం: వాళ్లు బాగానే కాపాడుకున్నారు, ఒక్క కార్నర్ దగ్గర దెబ్బతిన్నారు. లెక్కపెట్టేటప్పుడు టీవీ కెమెరా రీప్లేలు చూపించే చోట్ల కొన్ని ఘటనలు తప్పిపోతాయి, అక్కడ చుక్క పెట్టుకోండి గానీ ఊహించి నింపకండి.

ఎక్స్‌ట్రా టైంకి వేరే కాగితం పెట్టండి. 2-2 తర్వాత నార్త్ కరోలినా మళ్లీ ముందుకొచ్చి ఆడాలి, అంటే పాత లెక్క పనికిరాదు. అక్కడ చూడాల్సింది ఒకటే, షాట్ కొట్టాక లేదా కీపర్ తట్టాక పడ్డ బంతి మీదికి ముందుగా ఎవరు చేరుతున్నారు. రేయెస్ గోల్ అలాంటి రీబౌండే. ఆమె చేరింది సరే, పక్కనున్న డిఫెండర్ ఆ క్షణంలో ఎటు చూస్తోందో ఆపి ఆపి చూడండి.

---

మూడోపోస్ట్:

దీనికి ఒక గడి కలపండి: త్రో-ఇన్‌లు. 2-1 అయ్యాక నార్త్ కరోలినాకి అవతలి సగంలో ఎన్ని త్రో-ఇన్‌లు దొరికాయి, ఒక్కోదానికి ఎన్ని సెకన్లు తీసుకున్నారు. ఈ రూల్స్‌లో సక్రమంగా గడియారం తినగలిగే కొద్ది చోట్లలో అదొకటి. అక్కడ ఒక్కోదానికి మూడేసి సెకన్లు కూడబెట్టి ఉంటే ఆ 16 సెకన్లు ఎప్పుడో అయిపోయేవి.

---

రెండోబంతి:

ఈ శని, ఆదివారాల్లో లెక్కపెట్టి ఏడు గళ్లూ ఇక్కడే పెడతా. "మీదికి రావడం" అంటే ఎంత దూరం లోపు అనుకోవాలి, రెండు మీటర్లా?

---

స్టాపర్4:

రెండు మీటర్లు పెట్టుకోండి. కెమెరా పైనుంచి ఉంటుంది కాబట్టి ఆరు గజాల బాక్స్ లోతు కొలగా తీసుకోండి, అది సుమారు ఐదున్నర మీటర్లు. అందులో మూడో వంతు దూరంలోకి వస్తే వచ్చినట్టు. బంతి ఉన్న అమ్మాయి తల దించిందా లేదా అన్నది దూరం కంటే మంచి గుర్తు. తల దించితే ప్రెస్ తగిలినట్టే.